సర్పంచమ్మ కుర్చీ

బీరువా తలుపులు రెండూ బార్లా తెరిచి ఉన్నాయి. కృష్ణవేణమ్మ పట్టుచీరలు, కూతురి పెళ్లి ఆల్బం, పాత పాసుపుస్తకాలు అన్నీ నడింట్లో బండల మీద పడి ఉన్నాయి. సుబ్బయ్య ఇంకా వెతుకుతూనే ఉన్నాడు.

పోయింది బంగారమైతే ఆయన ఇంతగా వెతికేవాడు కాదేమో. పోయింది వేలెడంత ప్లాస్టిక్ ముక్క. సర్పంచి సంతకానికి బదులు కంప్యూటరుకు గుచ్చేది. అది గుచ్చితే తప్ప పంచాయతీలో ఒక్క బిల్లు కూడా కదలదు. ఊళ్లో అందరూ దాన్ని కీ అంటారు. విశ్వాసమ్మ సర్పంచిగా గెలిచిన నాటి నుంచి ఆ కీ సుబ్బయ్య బీరువాలోనే ఉంటోంది. సర్పంచి కీ వీళ్లింట్లో ఎందుకుందని ఎవరూ అడగలేదు. అడగాల్సిన సంగతి అని ఎవరికీ తోచను కూడా లేదు.

సీటు ఎస్సీ మహిళకు రిజర్వయిన రోజు సుబ్బయ్య తన ట్రాక్టరు డ్రైవరు పుల్లన్నను పిలిచి, నీ పెండ్లాం విశ్వాసమ్మను నిలబెడుతున్నానని చెప్పాడు. తన వాకిలి చిమ్మి, తన గిన్నెలు తోమే మనిషి సర్పంచి అయితే ఆ పదవి కూడా తన వాకిట్లోనే పడి ఉంటుందని ఆయన ధీమా. ఆ ధీమా పోయిన వారం గ్రామసభలో దెబ్బతింది. సుబ్బయ్య లోపలికి వస్తే విశ్వాసమ్మ కుర్చీలోంచి లేవలేదు. పైగా వచ్చిన నిధులతో సుబ్బయ్య కొడుకు భూపేష్ వేసిన ప్లాట్లకు సిమెంటు రోడ్డు వద్దని, ఎస్సీ కాలనీకి నీళ్ల పైపు వేద్దామని అందరి ముందూ అంది.

ఇప్పుడు కీ లేదు.

"పొద్దున నేను పత్తికొండ మార్కెట్టుకు పోయినాక ఇంటికి ఎవురొచ్చినారు?" అన్నాడు సుబ్బయ్య, భార్య వైపు తిరగకుండానే.

కృష్ణవేణమ్మ కింద పడిన చీరలు ఒక్కొక్కటే ఏరి మడత పెడుతోంది. "విశ్వాసమ్మ వచ్చినాది," అంది.

"పెరట్లోకా?"

"లేదు. ముందర నుంచే. నడింట్లోకి వచ్చినాది."

ఆ మాటతో సుబ్బయ్యకు దొంగ దొరికిపోయింది. ఇంకేం వెతకాల్సిన పని లేనట్టు బీరువా తలుపు ధడేల్మని మూశాడు. భూపేష్ పోలీసుస్టేషన్‌కు పోదామన్నాడు. తండ్రి వద్దన్నాడు. ముందు ఆఫీసులో, నలుగురి ముందు, దాని ఒంటి మీదే దొరకాలన్నాడు. దొంగ సర్పంచని కలెక్టరుకు రాస్తే మళ్లీ ఆ కుర్చీ వైపు చూడదన్నాడు. భూపేష్ కారు తీయడానికి బయటికి పోయాడు.

"నువ్వు గూడా రా," అన్నాడు భార్యతో. "సాక్షి నువ్వే."

కృష్ణవేణమ్మ మడత పెట్టిన చీర ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చుంది. ఆ కీ ఆమె కొంగుముడిలో ఉంది.

*

పొద్దున విశ్వాసమ్మ వచ్చినప్పుడు కృష్ణవేణమ్మ చింతపండు ఈనెలు తీస్తూ ఉంది. చెప్పులు గడప బయట విడిచి, విశ్వాసమ్మ నేరుగా నడింట్లోకి వచ్చి నిలబడింది. ఇన్నేళ్లలో ఆమె పాదం ఆ బండల మీద పడటం అదే మొదలు. అంతకంటే పెద్ద సంగతి ఆ తర్వాత జరిగింది.

"అక్కా," అని పిలిచింది.

నిన్నమొన్నటి దాకా అమ్మా అని పిలిచిన మనిషి. ఆ ఒక్క పిలుపుకే కృష్ణవేణమ్మ చింతపండు చేట పక్కకు నెట్టింది. తనకు చెల్లెలు ఎప్పుడైందీమె?

"కీ ఇయ్యి అక్కా. ఈ పొద్దు పైపు బిల్లు పెట్టాల."

"ఆయన రానీ."

"ఆయన్ను అడిగితే ఇయ్యడు. అందుకే నిన్ను అడుగుతాండా."

కృష్ణవేణమ్మ చూపు విశ్వాసమ్మ చీర మీద ఉంది. ఇస్త్రీ చేసిన నేత చీర. భుజం దగ్గర పిన్ను. కర్నూలులో సర్పంచుల శిక్షణకు పోయి వచ్చినప్పటి నుంచి ఈ పిన్ను వచ్చింది. చేతిలో ఫోను. గౌరవంగా పిలిచే ఆఫీసర్లు. మేడమ్ అట, మేడమ్.

అసలు మేడమ్ తను కావాలి. ఈ ఊరి సీటు మహిళలకు వచ్చిన మొదటిసారి సర్పంచి అయింది తనే. అయిదేళ్లు. ఆ అయిదేళ్లలో ఊరంతా సర్పంచప్పా అని పిలిచింది సుబ్బయ్యను. తను వంటింటి గడపలో నిలబడి, ఉల్లిగడ్డలు కోసిన చేయి కొంగుకు తుడుచుకుని, ఆయన చూపించిన చోటల్లా సంతకం పెట్టింది. ప్రమాణం చేసిన రోజు కారులో తీసుకుపోయి, ఫోటో దిగాక కారులోనే తీసుకొచ్చి దించారు. ఆఫీసు మొహం మళ్లీ చూడలేదు. ఒక ఆగస్టు పదిహేనుకు జెండా ఎగరేయడానికి వస్తానని నోరు తెరిచి అడిగితే, మన ఇంటి ఆడోళ్లు మొగోళ్ల నడుమ నిలబడేదేందని ఆయన అన్నాడు. అందులో ఏదో గౌరవం ఉందనుకుని ఆమె మురిసిపోయింది కూడా.

ఆ గౌరవమే తనను గడప లోపల కట్టేసింది. విశ్వాసమ్మకు అలాంటి గౌరవం ఎవరూ ఇవ్వలేదు. ఎండలో, పొలంలో, మగవాళ్ల పక్కన వంగి కలుపు తీస్తుంటే, మన ఊరి ఆడమనిషి ఇట్లా నిలబడటమేందని ఏ మగవాడూ అనలేదు. కూలి మాత్రం మగవాడికి ఇచ్చేదానికంటే తక్కువ ఇచ్చారు. ఇప్పుడు అదే విశ్వాసమ్మ మగవాళ్ల మధ్య కుర్చీలో కూర్చుంటే కృష్ణవేణమ్మకు కంటగింపుగా ఉంది. నేనెందుకు కాదు అన్న మాట లోపలే ఉండిపోయింది. ఆ మాట మొగుడితో అనడానికి ధైర్యం లేదు. కనక కోపమంతా ఎదురుగా ఉన్న ఆడదాని మీదికే తిరిగింది. లోకంలో చాలాసార్లు జరిగేది ఇదే.

"ఆ కుర్చీలో కూచుంటే ఎట్లుంటాది?" అని అడిగేసింది. అడగాలని అనుకోలేదు.

విశ్వాసమ్మ ఆలోచించి చెప్పింది.

"మొదట్ల అంచుమీదనే కూచుంటాంటి అక్కా. వీపు ఆనియ్యాలంటే భయం. ఎవురన్నా వచ్చి లెయ్ అంటారేమో అని. ఇప్పుడు ఆనుకుంటాండా."

కృష్ణవేణమ్మకు ఈ మాట అన్నిటికంటే ఎక్కువ మండింది. కుర్చీకి వీపు ఆనించిందట. తను పెళ్లయి వచ్చినప్పటి నుంచి ఈ ఇంట్లో సుబ్బయ్య ఎదురుగా ఏ కుర్చీలోనూ కూర్చోలేదు.

"ఆ ఆఫీసులో నా పేరు గూడా ఉండాది," అంది గొంతు పెంచి.

"ఉండాది అక్కా. నీళ్లట్యాంకు మీద గూడా చెక్కినారు. దినామూ చూస్తాంటా. ఆ ట్యాంకు పైపు చావిడి కాడ ఆగిపోయినాది. మా కాలనీకి రాలేదు."

విశ్వాసమ్మ దెప్పిపొడవలేదు. ఉన్నది చెప్పింది. అయినా కృష్ణవేణమ్మ మొహం మాడిపోయింది. ఏ కాగితం మీద ఏముందో చదివి సంతకం పెట్టిందా తను? ఆయన రానీ అని మళ్లీ అదే మాట అని, చింతపండు చేట ముందుకు లాక్కుంది. విశ్వాసమ్మ ఇంకాసేపు నిలబడి, వచ్చిన దారినే వెళ్లిపోయింది. అదీ ముందు గుమ్మంలోంచే.

ఆమె గేటు దాటాక కృష్ణవేణమ్మ లేచి, నడుముకు ఉన్న తాళంచెవి తీసి బీరువా తెరిచి, ఆ కీ తీసి కొంగున ముడి వేసుకుంది. విశ్వాసమ్మకు ఇవ్వాలన్న బుద్ధి ఆమెకు లేనే లేదు. తనకు దక్కనిది వీళ్లిద్దరిలో ఎవరికీ దక్కకూడదు, అంతే. ఒక్క రోజైనా ఆయనా వెతుక్కోవాలి, ఆమే వెతుక్కోవాలి. అంత చిన్న కుళ్లు. దాని తోక పట్టుకుని దొంగతనం అనే మాట వస్తుందని ఆమెకు తోచలేదు.

*

కీ పోయిన సంగతి అప్పటికే ఊళ్లో పాకింది. పంచాయతీ ఆఫీసు ముందు పుల్లన్న చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. సుబ్బయ్య కారు దిగుతూనే అతని దగ్గరికి పోయి చేయి చాచాడు. పుల్లన్న జేబులోంచి ట్రాక్టరు తాళాలు తీసి ఆ చేతిలో పెట్టాడు. రేపటి నుంచి రావద్దని సుబ్బయ్య చెప్పాల్సిన పని కూడా లేకపోయింది.

లోపల గోడ మీద మాజీ సర్పంచుల పేర్లు రాసిన బోర్డు ఉంది. కృష్ణవేణమ్మ కళ్లు ముందు దాన్నే వెతుక్కున్నాయి. ఆమె పేరు ఉంది. పక్కనే సుబ్బయ్య భార్య అని ఉంది. కింద, బల్ల వెనకాల, నల్ల రెగ్జిన్ కుర్చీలో విశ్వాసమ్మ కూర్చుని ఉంది. కుర్చీ వీపు మీద పరిచిన తువ్వాలు చూసి కృష్ణవేణమ్మ ఒక్క క్షణం ఆగిపోయింది. పోయిన ఉగాదికి తాను విశ్వాసమ్మ చేతిలో పైనుంచి జారవిడిచిన తువ్వాలు అది. నీలం పువ్వులు, పచ్చ అంచు.

విశ్వాసమ్మ సుబ్బయ్యను చూసి లేవలేదు. కృష్ణవేణమ్మను చూసి మాత్రం కొంచెం కదిలింది. మళ్లీ సర్దుకుంది.

సుబ్బయ్య చెప్పదల్చుకున్నది గట్టిగా, బయట చేరిన జనానికి కూడా వినబడేలా చెప్పాడు. పొద్దున తను లేని వేళ ఇంట్లోకి చొరబడిందని, నడింటి దాకా వచ్చిందని, ఆమె పోయాక కీ లేదని. కార్యదర్శి రంగనాథ్ నుదురు తుడుచుకున్నాడు. మేడమ్‌ను సోదా చేసే అధికారం తనకు లేదని గొణిగాడు.

"అధికారం ఎందుకప్పా. ఆడమనిషిని తోడుకొనే వచ్చినా. నువ్వు సూడు," అన్నాడు సుబ్బయ్య భార్యతో.

విశ్వాసమ్మ అప్పుడు లేచింది. "ఎవురన్నా బీరువా పగలగొట్టినారా అప్పా?" అని అడిగింది.

"లేదు."

"అయితే ఆ బీరువా తాళంచెవి ఎవురి నడుముకు ఉంటాది?"

అడిగిన దాంట్లో తప్పేమీ లేదు. సుబ్బయ్య బల్లను అరచేత్తో కొట్టి, మా ఇంటిదాన్ని దొంగ అంటావా అని అరిచాడు. రంగనాథ్ నేల చూపులు చూశాడు. భూపేష్ తలుపు దగ్గర పళ్లు కొరికాడు. కృష్ణవేణమ్మ కొంగుముడి అందరికీ ఎదురుగానే ఉంది. దాన్ని విప్పమని అడిగే నోరు ఆ ఊళ్లో లేదు. విశ్వాసమ్మ ఒళ్లు తడమమని చెప్పడానికి మాత్రం ఎవరికీ సంకోచం కలగలేదు.

గుమ్మంలోంచి పుల్లన్న, ఊరకుండమని పెళ్లాన్ని చేతులెత్తి బతిమాలుకున్నాడు.

"సూడనీ," అంది విశ్వాసమ్మ, కృష్ణవేణమ్మ మొహంలోకి చూస్తూ.

పక్కన బ్లీచింగ్ పౌడరు బస్తాలు, కాలిపోయిన వీధిదీపాలు పడేసే చిన్న గది ఉంది. ఇద్దరూ లోపలికి పోయాక భూపేష్ తలుపు దగ్గరికి వేశాడు.

విశ్వాసమ్మ భుజం మీది పిన్ను తీసి, చేతులు రెండూ పైకెత్తి నిలబడింది. కృష్ణవేణమ్మ చేయి లేవలేదు. ఈ మనిషి తోమిన గిన్నెల మీద మళ్లీ నీళ్లు చల్లి లోపలికి తెచ్చుకున్న చేయి అది. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఈమెను తాకలేదు. బ్లీచింగ్ ఘాటుకో మరి దేనికో ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

కాసేపటికి తన కొంగుముడి తనే విప్పింది. కీ అరచేతిలోకి వచ్చింది.

విశ్వాసమ్మ చేతులు దించింది. ఆశ్చర్యపోయినట్టు కనిపించలేదు. "ఎందుకక్కా?" అని మాత్రం అడిగింది.

"నువ్వు కూచుంటే చూసి ఓర్వలేకపోయినా."

ఇన్నాళ్లూ ఎవరితోనూ అనని మాట ఇంత తేలిగ్గా బయటికి రావడం కృష్ణవేణమ్మకే వింతగా ఉంది.

"నేను గూడా నిన్ను చూసి శానా కుళ్లుకున్నా అక్కా," అంది విశ్వాసమ్మ. "కొళాయి తిప్పితే నీ వంటింట్లోకే నీళ్లు వచ్చేది చూసి. నేను తోమిన గిన్నెల్లో నువ్వు తినేది చూసి."

"తీసుకో," అంటూ కృష్ణవేణమ్మ కీ అందించబోయింది. "నేను దొరకలేదని చెప్తా."

విశ్వాసమ్మ చేయి చాచలేదు. పిన్ను మళ్లీ పెట్టుకుంటూ చెప్పింది.

"ఇది నా చేతిలో ఉంటే నేను దొంగను. దొరకలేదని నువ్వు చెప్తే, యాడో దాచిపెట్టిన దొంగను. బయటికి పోయి నేనే తీసినా అని నువ్వు చెప్తే తప్ప నా మీద ఈ మాట పోదు."

"చెప్తే నన్ను ఆయన ఏం చేస్తాడో తెలుసునా నీకు?"

"తెలుసు. కొడతాడు. మా ఇంటాయన గూడా ఈ పొద్దు కొడతాడు, పని పోయిందని." విశ్వాసమ్మ తలుపు వైపు చూసింది. "కొట్టినాక నీకు రేపు పొద్దున కూడు ఉంటాది అక్కా. నాకు అది గూడా ఉండదు. అయినా ఆ కుర్చీలోంచి నేను దిగను."

బయటి నుంచి సుబ్బయ్య తలుపు మీద కొట్టి, దొరికిందా అని అడిగాడు.

కృష్ణవేణమ్మ తలుపు తీసింది.

అందరి కళ్లూ ఆమె మీదే ఉన్నాయి. ఇంతమంది మగవాళ్లు ఒక్కసారిగా తన వైపు చూడటం ప్రమాణం చేసిన రోజు తర్వాత ఇదే. పట్టుకోవడానికి ఏదో ఒకటి కావాలనిపించి బల్ల వైపు నడిచింది. బల్ల చుట్టూ తిరిగింది. నల్ల కుర్చీ ఖాళీగా ఉంది. అందులో కూర్చుంది. అలా కూర్చోవాలని గదిలోంచి వస్తున్నప్పుడు అనుకోలేదు. కూర్చున్నాక మాత్రం, ఎన్నేళ్లుగానో కూర్చోవాలనుకున్నట్టు తెలిసింది.

కీ బల్ల మీద పెట్టింది.

"నేనే తీసినా," అంది. "నా కొంగులోనే ఉన్నింది. విశ్వాసమ్మ ముట్టుకోలేదు. మీరందరూ ఇనండి, ఆమె దొంగ కాదు."

గుమ్మంలో పుల్లన్న కూలబడిపోయాడు. బయట జనంలో గుసగుసలు మొదలయ్యాయి. సుబ్బయ్య మొహం ఎర్రబడింది, నరాలు ఉబ్బాయి. ఇంటికి పోయాక ఏం జరుగుతుందో కృష్ణవేణమ్మకు తెలుసు. తెలిసి కూడా, ఆ క్షణంలో ఆమెకు భయం వేయలేదు. మెల్లగా వెనక్కి వాలింది. వీపుకు తువ్వాలు తగిలింది. కుర్చీకి వీపు ఆనించడమంటే ఇదన్నమాట.

విశ్వాసమ్మ బల్ల దగ్గరికి వచ్చింది. కీ తీసుకుని గుప్పిట్లో పెట్టుకుంది.

"మంచి మాట చెప్పినావు అక్కా. నీ మేలు మరువను," అంది. తర్వాత అంతే మెత్తగా, "ఇంగ లెయ్. అది నా కుర్చీ," అంది.

కృష్ణవేణమ్మ లేవబోయింది. నిజంగానే లేవబోయింది. చేతులు కుర్చీ చేతుల మీద ఆనించింది కూడా.

అప్పుడు సుబ్బయ్య నవ్వాడు. ఇందాకటి కోపం ఆ మొహంలో ఎక్కడికి పోయిందో తెలియదు. భార్యనూ, ఆ కుర్చీనీ, ఎదురుగా నిలబడిన విశ్వాసమ్మనూ మార్చి మార్చి చూశాడు. ఆయన బుర్రలో కొత్త లెక్క ఏదో కుదిరింది.

"ఎందుకు లేస్తావు? కూచో వేణీ," అన్నాడు. "నువ్వు గూడా ఈ ఊరికి సర్పంచి చేసినదానివే గదా. నిన్ను లెయ్ అనేంత పెద్దదైపోయినాదా ఈమె?"

వేణీ. పెళ్లయిన కొత్తలో పిలిచిన పేరు. నలుగురిలో, తన పక్షాన, మొగుడు మాట్లాడటం కృష్ణవేణమ్మ తన కాపురంలో ఎన్నడూ వినలేదు. ఎందుకు మాట్లాడుతున్నాడో అర్థం కానంత తెలివితక్కువది కాదు ఆమె. అయినా ఆ పిలుపు చెవిలోంచి పోవడం లేదు.

విశ్వాసమ్మ సుబ్బయ్య వైపు చూడలేదు. ఆమె చూపు కృష్ణవేణమ్మ మీదే ఉంది.

"అక్కా," అని ఇంకోసారి పిలిచింది.

కృష్ణవేణమ్మ లేవలేదు.